దారాలు తీసిన చెట్టు

పెర్త్ శివారు కానింగ్ వేల్‌లో మా పెద్దమ్మ వాళ్ళ ఇంటి వెనక ఉన్న మామిడిచెట్టు మీద నాకు ఏ కోపమూ లేదు. ఏటా చేసే పని అది ఆ ఏడూ శుభ్రంగానే చేసింది. పూత పూసింది, పిందె వేసింది, కాయలో టెంక కట్టింది. చెడగొట్టింది మనుషులు. వాళ్ళ మీద కోపం నాకింకా పోలేదు, పోగొట్టుకోవాలనీ లేదు.

అప్పుడు నేను వాళ్ళింట్లోనే ఉంటూ పెర్త్‌లో మాస్టర్స్ చివరి ఏడాది చదువుతున్నాను. నా ప్రాజెక్టు పండు లోపలి పొరల మీద. పువ్వులోని అండాశయం గోడ పెరిగి పెద్దదై మూడు పొరలుగా మారితే దాన్నే మనం పండు అంటున్నాం. పైన తొక్క, మధ్యలో కండ, లోపల టెంక. ఇంటర్‌లో బోటనీ చదివినవాళ్ళకి బాహ్యఫలకవచం, మధ్యఫలకవచం, అంతఃఫలకవచం అనే నోరు తిరగని పేర్లు గుర్తుండే ఉంటాయి. కొబ్బరికాయలో మధ్యపొర పీచవుతుంది, లోపలి పొర చిప్పవుతుంది. బత్తాయిలో లోపలి పొరే తొనలుగా ఏర్పడి రసం నింపుకుంటుంది. మామిడిలో అదే పొర కొయ్యలా బిగిసి టెంకవుతుంది. పిందెలో మెత్తగా కత్తికి తెగే ఆ పొర ఎన్నో వారంలో గట్టిపడటం మొదలుపెడుతుంది, ఏ వైపునుంచి మొదలుపెడుతుంది, పెర్త్ లాంటి చల్లటి ఊళ్ళో ఎంత ఆలస్యం చేస్తుంది అన్నది నా ప్రశ్న. వినడానికి ఇంతే. దానికి జవాబు తేలితే మా ప్రొఫెసర్ హెలెన్ దగ్గర పీహెచ్‌డీ సీటు, స్కాలర్‌షిప్‌తో సహా, నాకే వస్తుంది. ఆ మాట ఆవిడే అంది.

జవాబు తేలాలంటే ప్రతి కాయ వయసూ తెలియాలి. మామిడిచెట్టు నిండా ఒకేసారి కాయ పట్టదు. ఒక కొమ్మ మీద పిందెలు నిలిచే వేళకి పక్క కొమ్మ ఇంకా పూతలోనే ఉంటుంది. పోనీ పెద్ద కాయ ముందుది, చిన్న కాయ వెనకది అనుకుందామంటే అదీ కుదరదు. ఎండ తగిలిన కాయ ఒకలా, ఆకుల చాటున ఉన్నది ఒకలా పెరుగుతుంది. అందుకని పిందె బఠాణీ గింజంత అయిన వారమే దాని తొడిమకి దారం కట్టాను. మొదటి వారం పిందెలకి ఎర్రది, రెండో వారానికి నీలం, మూడో వారానికి పసుపు, ఆ తర్వాత తెలుపు, ఊదా. ముందు కాగితం చీటీలు కట్టి చూశాను కానీ మధ్యాహ్నం సముద్రం మీదినుంచి వీచే గాలికి రెండ్రోజుల్లో చిరిగిపోయాయి. ఉన్నిదారం అయితే నిలుస్తుందని చెప్పింది పెద్దమ్మే. ఆమె నర్సుగా పనిచేసే వృద్ధుల హోమ్‌లో ముసలమ్మలు స్వెటర్లు అల్లగా మిగిలిన ఉండలు నాకు తెచ్చి ఇచ్చింది కూడా ఆమే.

ఏసుమణి పెద్దమ్మ మా అమ్మకి సొంత అక్క. వీళ్ళది బాపట్ల. పెద్దమ్మ తమ సంఘంలోని జ్ఞానరాజు పెదనాన్నని చేసుకుని ఆస్ట్రేలియా వచ్చింది. మా అమ్మ తన ఆఫీసులో పనిచేసే మా నాన్నని ఇష్టపడి చేసుకుంది. నాన్న హిందువు. అందుకే పెద్దమ్మ కొడుకు ఏతాన్ అయ్యాడు, నేను కిరణ్మయిని అయ్యాను. ఆ పెళ్ళి సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు, ఎవరూ మర్చిపోరు.

పెదనాన్నకి ఇక్కడి రైల్వే ఆఫీసులో ఉద్యోగం. ఇక్కడి తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌కి ఎన్నో ఏళ్ళుగా కార్యదర్శి. మంచివాడే. మర్యాద కోసం అంటున్న మాట కాదిది. నేను వచ్చిన కొత్తలో బస్సులు తెలియక అవస్థ పడుతుంటే, తన ఆఫీసుకి ఆలస్యమైనా సరే రోజూ నన్ను యూనివర్సిటీలో దింపి వెళ్ళిన మనిషి.

పెద్దమ్మ బట్టలు ఆరేసే తీగ మామిడిచెట్టు పక్కనే ఉంటుంది. క్లిప్పులు నోట కరుచుకుని కొమ్మల్లోకి చూస్తూ నన్ను ప్రశ్నలడిగేది.

"ఈ లావుదానికి నీలం కట్టావు, పక్కన బక్కదానికి ఎర్రది కట్టావు. తిరగేసి కట్టలేదు గదా?"

"లేదు పెద్దమ్మా. బక్కదే ముందు పుట్టింది."

"నేనూ మీ అమ్మా లాగా అన్నమాట. పుట్టటం నేను ముందు, పొడుగవటం అది ముందు."

ప్రతి వారం ఒక్కో రంగు నుంచి రెండేసి కాయలు కోసి లాబ్‌కి తీసుకుపోయేదాన్ని. పల్చటి పొరలుగా తరిగి, రంగు పెట్టి, సూక్ష్మదర్శిని కింద చూడటం. ఇక్కడ కాలాలు తలకిందులు, ఎండాకాలం డిసెంబర్‌లో మొదలవుతుంది. నవంబర్ అంతా లోపలి పొర మెత్తగానే ఉంది. అసలు మార్పు రావలసింది డిసెంబర్, జనవరి నెలల్లో. ఆ రెండు నెలల కోసమే మిగతాదంతా.

ఒకరోజు భోజనాల దగ్గర పెదనాన్న, "ఏందమ్మా, ఆ కాయలో అంత చూసేది ఏముంది?" అని అడిగాడు. కాయ ఒకటి నిలువుగా కోసి పొర పొరా చూపించాను. చాలా శ్రద్ధగా విన్నాడు. ఎంత శ్రద్ధగానో తర్వాతి ఆదివారం తెలిసింది.

మా ఫెలోషిప్‌కి సొంత గుడి లేదు. తెల్లవాళ్ళ చర్చిలో వాళ్ళ ఆరాధన అయ్యాక మధ్యాహ్నం ఆ హాలు మాకు అద్దెకి ఇచ్చేవాళ్ళు. ఆ రోజు వాక్యం చెప్పడం పెదనాన్న వంతు. కోసిన మామిడికాయ చేత్తో ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. తొక్క మన వేషం అన్నాడు. కండ మన పేరూ పలుకుబడీ అన్నాడు. ఈ రెండూ కుళ్ళిపోయేవే, లోపల టెంకలాగా విశ్వాసం గట్టిపడాలి అన్నాడు. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదని కారు దాకా వెంటబడి చెప్పారు. ఇంటికొస్తూ దారిలో, "అంతా నీ చలవేనమ్మా" అని నాతో అన్నాడు. నాకు గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు.

ఆ ప్రసంగం తర్వాతే పెదనాన్నని అధ్యక్షుడిగా నిలబడమని నలుగురూ అడగడం మొదలుపెట్టారు. ఎన్నిక క్రిస్మస్ దాటాక వచ్చే ఆదివారం. అవతలి వైపు నిలబడింది విద్యావతి ఆంటీ తమ్ముడు. విద్యావతి ఆంటీ స్త్రీల కూటానికి పెద్ద. ఆవిడ ఏ ఇంటికి వెళ్ళినా ముందు వంటగది, తర్వాత పెరడు చూస్తుంది. చూడమని ఎవరూ పిలవనక్కర్లేదు.

డిసెంబర్ మొదట్లో ఇంటింటి ప్రార్థనలు మొదలయ్యాయి. మా ఇంటి వంతు వచ్చిన శనివారం, పాటలూ ప్రార్థనా అయ్యి సమోసాలు తింటున్నప్పుడు, విద్యావతి ఆంటీ పేపరు ప్లేటుతో పెరట్లోకి నడిచింది. అప్పటికి కాయలు కోడిగుడ్డంత అయ్యాయి. ప్రతి తొడిమకీ దారం. గాలికి కొసలు ఊగుతున్నాయి.

"ఏంటి సిస్టర్ ఇది? చెట్టుకి రంగురంగుల తాళ్ళు. దిష్టికా, మొక్కా?" అంది పెద్దమ్మతో, అందరికీ వినపడేటట్టు.

నేనే ముందుకొచ్చి చెప్పాను.

"నా ప్రాజెక్టుకి కట్టాను ఆంటీ. ఏ కాయ ఏ వారం పట్టిందో గుర్తు."

"అట్లాగా. చదువుకేలే." ఆవిడ నా భుజం తట్టింది. "అయినా నువ్వు మీ నాన్నగారి వైపు కదమ్మా. చెట్టుకి తాడు కట్టటం మీకు అలవాటుంటుంది."

మా నాన్న వైపు వాళ్ళు చూసి ఉంటే చెట్టుకి పసుపూ కుంకుమా ఏవని అడిగేవాళ్ళు. రెండు వైపులకీ నచ్చని పని చేయడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. నేను నవ్వి ఊరుకున్నాను. పెద్దమ్మ మాత్రం ప్లేట్లు తీసే నెపంతో లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో మా చెట్టు ఫొటో వచ్చింది. కింద రాతేమీ లేదు. ఒక్క ప్రశ్నార్థకం మాత్రం ఉంది.

సోమవారం పొద్దున కాఫీ దగ్గర పెదనాన్న మెల్లగా ఆ మాట ఎత్తాడు.

"అమ్మా కిరణా, ఆ దారాలు ఎన్నికలయ్యేదాకా తీసి పక్కన పెట్టకూడదూ? అవగానే మళ్ళీ కట్టుకుందువు."

"తీస్తే ఏది ఏ వారందో తెలియకుండా పోతుంది పెదనాన్నా. మళ్ళీ కట్టడానికి ఉండదు. ఇంకో కాపు కావాలంటే ఏడాది ఆగాలి. అప్పటికి నా సీటు ఉండదు."

"ఫొటోలు తీసుకుంటే?"

"తీశాను. ఆకుల్లో ఆకుపచ్చ కాయలు. ఎదురుగా ఉన్న కాసిని తప్ప మిగతావి తెలియవు."

ఆయన కప్పు కింద పెట్టాడు. "సరేలేమ్మా. చదువు ముఖ్యం. ఎవరేమనుకుంటే మనకేం" అన్నాడు. నేను నమ్మాను. నెలలపాటు తన ఆఫీసుకి ఆలస్యం చేసుకుని నన్ను బడిపిల్లలా దింపిన మనిషి అన్న మాట, నమ్మకేం చేస్తాను.

గురువారం లాబ్ నుంచి వచ్చేసరికి చెట్టు మీద ఒక్క దారం లేదు.

మొదట చెట్టు మారినట్టు అనిపించింది, ఎవరిదో పెరట్లోకి వచ్చినట్టు. దగ్గరికి వెళ్ళి కొమ్మలు పట్టుకుని చూశాను. తొడిమల మీద చిన్న గీత కూడా లేదు. చాలా జాగ్రత్తగా, కాయకి దెబ్బ తగలకుండా కత్తిరించారు. గరాజ్‌లో ఏతాన్ సైకిల్ చైన్‌కి నూనె వేస్తున్నాడు. ఇక్కడే పుట్టిన పిల్లాడు, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెబుతాడు.

"చెట్టు మీద దారాలేవిరా?"

"డాడ్ ఆస్క్‌డ్ మి టు కట్ దెమ్, అక్కా. దిస్ మార్నింగ్." నా మొహం చూసి లేచి నిలబడ్డాడు. "హీ సెడ్ యు వర్ ఓకే విత్ ఇట్. ఆర్ యు నాట్?"

"ఎక్కడ పడేశావు?"

"బిన్‌లో. గార్బేజ్ ట్రక్ కేమ్ ఆల్రెడీ." చేతిలోని నూనె డబ్బా కింద పెట్టాడు. "సారీ అక్కా. రియల్లీ సారీ."

పాపం, ఆ ఇంట్లో నాకు క్షమాపణ చెప్పింది వాడొక్కడే. నిజానికి చెప్పవలసిన అవసరం లేనిదీ వాడొక్కడికే.

పెదనాన్న ఆఫీసు నుంచి వచ్చేదాకా నేను మెట్ల మీదే కూర్చున్నాను. ఆయన నన్ను చూడగానే విషయం ఎరిగినట్టు బ్యాగు కింద పెట్టాడు.

"పోయిందేముందమ్మా. కట్టింది నువ్వే, మళ్ళీ నువ్వే కట్టుకుంటావు. పెద్దవాటికి ఎర్రది కట్టు, చిన్నవాటికి తెల్లది కట్టు. నిన్నెవరడుగుతారు?"

"తోచినట్టు కట్టి నిజమని రాయమంటారా పెదనాన్నా?"

"నిజం కాకపోవటం ఏముంది ఇందులో? అంచనా అంటారు దాన్ని. నువ్వు చదువుకున్నదానివి, నీ అంచనా తప్పదు."

ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళి స్నానానికి నీళ్ళు వదులుకున్నాడు. ఆదివారం ఆదివారం మైకు పట్టుకుని సత్యం గురించి మాట్లాడే నోరు అది.

మర్నాడు పొద్దుగూకే ముందు పెద్దమ్మ డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం కూడా మార్చుకోకుండా, సంచిలోంచి ఉన్ని ఉండలు తీసింది. అన్ని రంగులూ తెచ్చింది.

"రావే. కడదాం."

"ఏం కడతాం పెద్దమ్మా? నాకు గుర్తున్నవి పదో పన్నెండో."

"నాకు గుర్తున్నయ్‌గా. రోజూ వీటి కింద బట్టలారేసేది నేనేగా." ఆమె స్టూలు ఎక్కింది. "ఈ గోడ పక్క కొమ్మకి ఎర్రవి. ఈ జంట కాయలు చూడు, ఒకటి ఎర్రది, ఒకటి నీలం. ఆ పై గుత్తి మొత్తం పసుపు, ఒక్కటి మాత్రం తెలుపు. ఆ తెలుపుది నువ్వు వెనక కట్టి, నాకు చూపించి నవ్వావు, గుర్తులా?"

గుర్తుంది. నాకు గుర్తున్న ప్రతిదీ ఆమె చెప్పినదానితో సరిపోయింది. ఫోన్‌లో ఉన్న ఫొటోలు తీసి, ఆమెకి చూపించకుండా, అడిగి చూశాను. దారం కనిపిస్తున్న ప్రతి కాయకీ సరైన రంగే చెప్పింది. ఆమె చెబుతుంటే నేను దారం తుంచి అందిస్తున్నాను, ఆమె ముడి వేస్తోంది. ఒక కొమ్మ అయ్యింది. రెండో కొమ్మ మీద ఉండగా పెదనాన్న వెనక తలుపు తీసుకుని బయటికొచ్చాడు.

చెట్టుని చూశాడు. కోపం తెచ్చుకోలేదు.

"ఎన్నికయ్యాక కట్టుకోండి" అన్నాడు. "ఏసుమణీ, రేపు పాస్టర్ గారు మనింటికే వస్తున్నారు."

పెద్దమ్మ చేతిలో ముడి సగంలో ఉంది. ఆ ముడి పూర్తి చేస్తుందనుకున్నాను. ఆమె దాన్ని విప్పింది. ఆ పక్కదీ విప్పింది. స్టూలు దిగి, "బియ్యం కడిగి పెట్టాలి" అంటూ లోపలికి వెళ్ళింది. మిగిలినవి పెదనాన్న నిలబడి ఉండగా నేనే విప్పాను. ఆయన తీయమని అనలేదు. వెళ్ళను కూడా లేదు.

హెలెన్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను, పెద్దమ్మకి రంగులు గుర్తున్నాయనీ చెప్పాను. ఎవరు తీశారో మాత్రం ఇంట్లోవాళ్ళు అని ఊరుకున్నాను. ఆవిడ కేకలు వేసి ఉంటే బాగుండేది. నెమ్మదిగా ఒక కాగితం ముందుకి లాక్కుంది. మీ పెద్దమ్మని ఒకసారి నా దగ్గరికి తీసుకురా, అంది. ఫొటోల్లో రంగు తెలుస్తున్న కాయల్ని ముందు అడుగుదాం, అవి సరిగ్గా చెబితే మిగతావాటికీ ఆమె మాట తీసుకోవచ్చు, పద్ధతి వింతగా ఉన్నా దాచకుండా రాస్తే ఎవరూ కాదనరు, అంది. సీటు సంగతి తేల్చే కమిటీ జనవరి మధ్యలో కూర్చుంటుంది. ఆ లోపల తీసుకురమ్మంది.

ఎన్నిక జరిగింది. పెదనాన్న గెలిచాడు. ఇంటినిండా జనం, బిర్యానీ, దండలు. విద్యావతి ఆంటీ కూడా వచ్చి పెదనాన్నకి వందనాలు చెప్పి, పెరట్లోకి ఒక చూపు చూసి, తృప్తిగా తల పంకించింది. నేను అందరికీ మంచినీళ్ళు అందించాను. ఇక అడ్డమేమీ లేదని, సోమవారం వస్తే చాలని లోపల్లోపల సంతోషంగా ఉంది కూడా.

సోమవారం పెద్దమ్మ డ్యూటీకి వెళ్తుంటే కారెక్కి కూర్చున్నాను.

"పెద్దమ్మా, ఒక్క గంట నాతో యూనికి రావాలి. హెలెన్ నిన్నేమీ ఇబ్బంది పెట్టదు. కొమ్మల ఫొటోలు చూసి ఏ కాయకి ఏ రంగో ఆరోజు నాకు చెప్పినట్టే చెప్పు, చాలు."

సిగ్నల్ దగ్గర కారు ఆగింది.

"దారాలు ఎట్లా పోయినయ్యని అడగదా ఆమె?"

"అడిగితే నిజం చెబుదాం."

"మీ పెదనాన్న తెంపించాడని, బయట మనిషి ముందు నేను చెప్పాలా?"

"కాదు, ఊరికే తీసేశాం అను. ఏదన్నా అను. రంగులు చెబితే చాలు పెద్దమ్మా. నా చదువు దాని మీద ఉంది."

వెనక కారువాడు హారన్ కొట్టాడు. పచ్చలైటు పడి ఎంతసేపయిందో మేం చూసుకోలేదు. ఆమె కారు ముందుకు తీసింది.

"నాకేం గుర్తుందే? ఆరోజు నీ మొహం చూడలేక ఏదో నోటికొచ్చింది చెప్పాను."

"ఫొటోల్లో ఉన్నవన్నీ కరెక్టుగా చెప్పావు."

"ఏదో చెప్పాను. నన్నొదిలెయ్యి కిరణా."

రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని రోడ్డునే చూస్తోంది. ఆ వారంలో ఇంకో రెండుసార్లు అడిగాను. ఒకసారి పనుందంది. ఒకసారి వినపడనట్టు మిక్సీ వేసింది.

సీటు బ్రిస్బేన్ నుంచి వచ్చిన ఒకమ్మాయికి ఇచ్చారు. నవంబర్ దాకా ఉన్న వివరాలతో ప్రాజెక్టు ముగించమన్నారు. మెత్తగా ఉన్న పొర మెత్తగా ఉందని రాయడానికి పెద్ద కష్టం లేదు. పాసయ్యాను. హెలెన్ నాకు చెయ్యి కలిపి, మంచి విద్యార్థినివి అంది. ఆ ఇల్లు ఎలాగైనా వదిలేయాలని గది వెతకడం మొదలుపెట్టాను, దొరకడానికి ఫిబ్రవరి పట్టింది.

ఈలోగా జనవరి చివర సెలవు వచ్చింది. పెదనాన్న గెలిచినందుకు కృతజ్ఞతగా ఫెలోషిప్‌లో అందరిళ్ళకీ సరిపడా ఆవకాయ పెట్టాలని నిర్ణయించారు. చెట్టు దులిపేశారు. ఏతాన్ ఎక్కి కోస్తే పెద్దమ్మ కొమ్మల వారీగా బుట్టల్లో సర్దింది. స్త్రీల కూటం వాళ్ళంతా పొద్దున్నే వచ్చి వరండాలో చాపలు పరిచారు. పని మొదలుపెట్టే ముందు పెదనాన్న ప్రార్థన చేశాడు. ఈ చెట్టుని ఫలింపజేసినందుకు స్తోత్రం చెప్పాడు. మా కిరణ్మయి చదువుని కూడా ఆశీర్వదించి పెద్ద స్థితికి తీసుకురమ్మని అడిగాడు. ఆ మాటప్పుడు ఆయన గొంతు నిజంగానే బొంగురుపోయింది. అదే నాకు అన్నిటికంటే చేదుగా అనిపించింది. నటించి ఉంటే అసహ్యించుకుని ఊరుకునేదాన్ని. అందరూ ఆమెన్ అన్నారు. పెద్దమ్మ కూడా అంది.

బాపట్ల నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న ఆవకాయ కత్తితో పెదనాన్న కాయలు నరుకుతున్నాడు. ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉండాలి. లోపలి జీడి తీసేయాలి. జీడికీ టెంకకీ మధ్య కాగితంలాంటి పొర ఉంటుంది, దాన్నీ గీకేయాలి, లేకపోతే పచ్చడి నిలవుండదంటారు. గీకి తుడిచే పని నాకిచ్చారు. కిరణ్మయికి పొరలన్నీ తెలుసుగా అని ఎవరో అంటే అందరూ నవ్వారు. ఒక్కో ముక్క తీసుకుని చూశాను. తెల్లటి అంచు, కత్తి తగిలితే కొయ్య చప్పుడు. నేను సూక్ష్మదర్శిని కింద చూడవలసిన పొరని చేతిలో పట్టుకుని బట్టతో తుడుస్తున్నాను.

విద్యావతి ఆంటీ ఒక ముక్క గోటితో గిల్లి చూసింది.

"టెంక భలే పట్టింది సిస్టర్. లేత కాదు, ముదురు కాదు, సరిగ్గా అదనులో కోశారు. మా ఇంట్లోనూ చెట్టుంది గానీ, ఎప్పుడూ తొందరపడి కోసేస్తాం, ముక్క మెత్తబడిపోతుంది." నా వైపు తిరిగింది. "కిరణ్మయీ, నీ చదువు ఇదేనటగా. పిందె నిలిచిన ఎన్నో వారంలో కోయాలమ్మా?"

"తెలియదు ఆంటీ."

"అదేంటి? ఏడాదంతా నువ్వు చూసింది అదేగా?"

"తెలిసేదే ఆంటీ. తెలియకుండా పోయింది."

ఆవిడకి నా మాట బోధపడలేదు. పక్కనున్నామె వైపు చూసి నవ్వింది. "ఏం చదువులో ఏమో. ఇంత దూరం వచ్చి, ఇంటి వెనక కాయ సంగతి తెలియదంటే ఎట్లాగమ్మా."

కత్తి చప్పుడు ఆగింది. పెదనాన్న చెమట తుడుచుకుంటున్నాడు. ఆవపిండి బేసిన్ ముందు కూర్చున్న పెద్దమ్మ తల ఎత్తింది. ఆమె మొహం ఎర్రబడింది. నన్ను ఎవరైనా చులకన చేస్తే ఆమె ఎప్పుడూ ఊరుకునేది కాదు.

"దాన్నేమీ అనకండి సిస్టర్" అంది. "వారాల సంగతి నన్నడగండి, నేను చెబుతాను. ఇదిగో, ఈ బుట్టలోవి గోడ పక్క కొమ్మవి. ఇవన్నీ మొదటి వారం పిందెలు. ఆ మూలవాటిలో సగం రెండో వారంవి. మీరు ఇప్పుడు గిల్లిన ముక్క పై గుత్తిది, అది మూడో వారం. దానికి పసుపు..."

అక్కడ ఆగిపోయింది.

విద్యావతి ఆంటీ వేళ్ళ మీద వారాలు లెక్క వేసుకుంటోంది. పెదనాన్న ఇంకో కాయ తీసుకుని కత్తి కింద పెట్టాడు. పెద్దమ్మ నా వైపు చూసింది, చేతులు మోచేతుల దాకా ఆవపిండితో, నోరు ఇంకా సగం తెరిచే ఉంది. నెల కిందట నేనామెని అడిగింది ఆ ఒక్క మాటే.